బొమ్మ చూడకుండానే గెలిచిన ఆటగాడు

తెర మీద ఒక ఫొటో. ఇసుకలో ఓ పడవ, వెనక సముద్రం. ఇదే ఫొటో ఇంకెక్కడో, మీకు ముక్కూ మొహం తెలియని మనిషి ముందు కూడా ఉంది. అతనితో మాట్లాడే వీల్లేదు. అతను ఏం టైప్ చేస్తున్నాడో కనపడదు. ఇద్దరి నోటా ఒకే మాట రావాలి, అంతే. మీరు ‘సముద్రం’ కొట్టారు, ‘ఇసుక’ కొట్టారు, ‘పడవ’ కొట్టారు. అతను ‘అల’తో మొదలుపెట్టి, ఏవేవో అని, చివరికి ‘పడవ’ దగ్గరికే వచ్చాడు. కలిసింది! పాయింట్లు పడ్డాయి, ఫొటో మారింది. రెండున్నర నిమిషాల్లో ఇలాంటివి 15.

2003లో ఇంటర్నెట్‌లోకి వచ్చిన ఈ ఆట పేరు ఈఎస్‌పీ గేమ్. ఎదుటివాడి మనసులో మాట పట్టేసే అతీంద్రియశక్తి అని ఆ పేరులో చమత్కారం. తయారుచేసింది లూయిస్ వాన్ ఆన్. పుట్టింది గ్వాటెమాలాలో, పరిశోధన అమెరికాలోని కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో. భాషలు నేర్పే డ్యువోలింగో స్థాపకుల్లో ఒకరిగా ఈయన పేరు మీరు వినే ఉంటారు. అది చాలా తర్వాతి మాట.

అప్పట్లో కంప్యూటర్‌కి బొమ్మలో ఏముందో తెలిసేది కాదు. ఫైలు పేరునీ, చుట్టుపక్కల రాతనీ బట్టి ఊహించుకోవడమే. చూపులేనివారికి పేజీలు చదివి వినిపించే సాఫ్ట్‌వేర్ కూడా బొమ్మ దగ్గరికొచ్చేసరికి మూగబోయేది. కోట్ల ఫొటోలకు కూలి ఇచ్చి పేర్లు రాయించడం జరిగే పనా? వాన్ ఆన్, తోటి పరిశోధకురాలు లారా డాబిష్ కలిసి దాన్ని ఆటగా మార్చారు. నాలుగు నెలల్లో 13,630 మంది ఆడి, 2,93,760 ఫొటోలకు 12,71,451 మాటలు రాసిపెట్టారు. పైసా ఖర్చు లేదు. సరదాగా ఆడుకున్నామనే అనుకుని ఉంటారు వాళ్లు.

అసలు కిటుకు పాయింట్లలో లేదు. ఆ ఇద్దరి మధ్యా ఉన్నది ఆ ఫొటో ఒక్కటే. కాబట్టి మాట కలవాలంటే అది ఫొటోకి సంబంధించిందే అయివుండాలి. గెలుపూ పనీ ఒకటే అన్నమాట. స్నేహితులు కూడబలుక్కోకుండా జంటల్ని ఎవరికి ఎవరో తెలియకుండా కలిపేవారు. జంట దొరక్క ఒకరు మిగిలితే, పాత ఆట రికార్డింగునే అవతలి మనిషిగా కూర్చోబెట్టేవారు! ఒక ఫొటోకి ‘పడవ’ కుదిరిపోయాక ఆ మాట నిషిద్ధం. తర్వాత వచ్చినవాళ్లు కొత్త మాట వెతుక్కోవాలి. అలా ఒక్కో ఫొటోకి మాటలు పోగయ్యేవి.

2011 నాటికి ‘గేమిఫికేషన్’ అన్న మాట అందరి నోళ్లలో నానింది. ఆటకాని పనిలో ఆట ముక్కలు వాడటం అని పరిశోధకుడు సెబాస్టియన్ డిటర్డింగ్ బృందం దానికి నిర్వచనం చెప్పింది. మన ఫోన్లలోకి వచ్చిపడ్డ పతకాలూ, పాయింట్లూ చాలావరకు పని మీద అతికించిన చెమ్కీలే. పదివేల అడుగులకు నాలుగొందలు తక్కువైందని, మంచం మీద కూర్చుని చెయ్యి ఊపి పూర్తి చేసిన ఘనుణ్ణి నేను. ఫోన్ అభినందించింది కూడా. అక్కడ గెలుపు వేరు, నడక వేరు.

ఈఎస్‌పీ గేమ్‌లో అలాంటి సందు లేదనే అనిపిస్తుంది. ఉంది. 2009లో స్టీఫెన్ రాబర్ట్‌సన్, మిలాన్ వోయ్నోవిచ్, ఇంగ్మార్ వెబర్ అనే పరిశోధకులు ఒక ప్రోగ్రామ్ రాశారు. అది ఫొటో వంక చూడనే చూడదు. ఏ మాటల పక్కన ఏ మాటలు వస్తుంటాయో పాత ఆటల్లోంచి నేర్చుకుని, నిషిద్ధమైన మాటల్ని చూసి తర్వాతి మాట ఊహిస్తుంది. ‘ఆకాశం’, ‘మేఘం’ అయిపోయాయంటే ‘నీలం’ అనదూ, అలాగన్నమాట. ఈ గుడ్డి ఆటగాడి మాట అవతలి మనిషి మాటతో 69 శాతం ఫొటోల్లో కలిసింది. కనీసం ఒక నిషిద్ధపదమైనా ఉన్న ఫొటోల్లో అయితే 81 శాతం.

తప్పు ప్రోగ్రామ్‌ది కాదు. త్వరగా కలవాలనుకునే మనిషి కూడా తోచిన మాటల్లోకెల్లా తేలికైనదాన్నే కొడతాడు. పడవ తెరచాపకు మాసిక పడిందని గమనించి, ఆ మాటే టైప్ చేసి చూడండి. ఒక్క పాయింటు రాదు. అవతలివాడు ‘నీలం’ దగ్గర కాచుక్కూర్చుని ఉంటాడు.