వేరు కాలువను శుభ్రపరిచేది ఏది?

పుచ్చిన పన్నును పీకించుకోవాలా, రూట్ కెనాల్ చేయించుకోవాలా అన్న ప్రశ్న ప్రతి ఇంటికీ ఎప్పుడో ఒకప్పుడు ఎదురవుతుంది. ఇప్పుడు దానికి మరో ప్రశ్న తోడైంది: చేతి పరికరాలతో చేసే చికిత్స మేలా, యంత్రంతో చేసే 'రోటరీ' మేలా? రోటరీకి రుసుము ఎక్కువగా అడుగుతారు గనుక ఆ ఖర్చుతో మనకు దక్కేది ఏమిటో తెలుసుకోవాలి.

పంటి లోపలి మెత్తని గుజ్జులో నరాలు, రక్తనాళాలు ఉంటాయి. పుచ్చు అక్కడికి చేరితే క్రిములు గుజ్జును కుళ్లబెట్టి, వేరు గుండా ఎముక వరకు పాకుతాయి. ఆ గుజ్జును తొలగించి, వేరులోని సన్నని కాలువను శుభ్రపరచి, నింపి మూసివేయడమే రూట్ కెనాల్ చికిత్స.

పూర్వం ఇందుకు ఉక్కు ఫైళ్లనే వాడేవారు. అవి బిరుసైనవి. వంకర కాలువలో తిన్నగా పోబోయి, గోడను ఒక పక్కనే తొలిచేవి. 1988లో వాలియా బృందం నికెల్–టైటానియం మిశ్రమలోహంతో ఫైళ్లు చేసి చూపింది. అవి కాలువ వంపును అనుసరించి వంగుతాయి. వాటిని నిమిషానికి సుమారు 300 చుట్లు తిప్పే యంత్రానికి అమర్చడంతో పని త్వరగా, కాలువ ఆకృతి చెడకుండా సాగుతోంది. అయితే ఒక్కొక్కప్పుడు ఫైలు లోపలే విరిగే ప్రమాదమూ ఉంది.

మరి శుభ్రత సంగతి? 2001లో పీటర్స్ బృందం, పీకిన పై దవడ పళ్లను మైక్రో సీటీ యంత్రంతో పరిశీలించింది. ఒక చేతి పద్ధతిని, మూడు రోటరీ పద్ధతులను పోల్చింది. వాటి మధ్య తేడాలు స్వల్పమే. ఏ పద్ధతిలోనైనా కాలువ గోడలో 35 శాతం లేదా అంతకు మించిన భాగాన్ని పరికరం తాకనే లేదు. కారణం తేలికగానే అర్థమవుతుంది. పరికరం గుండ్రంగా తిరుగుతుంది. కాలువ మాత్రం చాలాచోట్ల అండాకారంగా, చీలికలతో, పక్క కొమ్మలతో ఉంటుంది.

ఆ మిగిలిన చోటికి చేరవలసినది ద్రవం. సోడియం హైపోక్లోరైట్ క్రిములను చంపి, గుజ్జు అవశేషాలను కరిగిస్తుంది. ఫైలు రాపిడికి గోడలపై పేరుకున్న పొరను తొలగించడానికి ఈడీటీఏ ద్రవం తోడ్పడుతుంది. ఫైలు దారి వేస్తుంది, ద్రవం కడుగుతుంది. ఒకటి లేనిదే రెండవది చాలదు.

కనుక యంత్రం పేరు ఒక్కటే అడిగి ఊరుకోవద్దని మా మనవి. లాలాజలం లోపలికి చేరకుండా రబ్బరు తెర వాడతారా, కాలువను ఏ ద్రవాలతో కడుగుతారు అని కూడా మర్యాదగా అడగండి. తొలి విడతతోనే నొప్పి తగ్గిందని మిగతా విడతలు మానకండి. తాత్కాలికంగా పెట్టిన సిమెంటు అరిగితే క్రిములు తిరిగి ప్రవేశిస్తాయి. దవడ పళ్లకు వైద్యులు తొడుగు వేయించుకోమంటే వాయిదా వేయవద్దు. ఎంత మేలైన పరికరంతో శుభ్రపరచినా, పైన సరిగా మూయని పన్ను నిలవదు.