శక్తికి దిక్కు కలదా?

ఈ సాయంకాలము నేను విచారింపదలచిన ప్రశ్న చిన్నదే. కాని దీనికి మూలమైన వివాదము ఐరోపా పండితులను చిరకాలము వేధించినది.

భౌతికశాస్త్రమునందలి రాశులు రెండు తెగలు. ద్రవ్యరాశి, కాలము, ఉష్ణోగ్రత మున్నగువానికి ‘ఎంత’ యని చెప్పిన చాలును, ఇవి అదిశరాశులు. బలము, వేగము మున్నగువానికి ‘ఎటు’ అనియు చెప్పవలెను, ఇవి సదిశరాశులు. పరుగెత్తు బండి వేగమునకు దిక్కు కలదు గనుక దాని శక్తికిని దిక్కుండవలెనని తోచుట సహజమే.

ఈ ఊహను పరీక్షింతము. పదేసి కిలోగ్రాముల మట్టిముద్దలు రెండు, సెకనుకు 2 మీటర్ల వేగముతో ఎదురెదురుగా వచ్చి, ఢీకొని, అతుకుకొని నిలిచిపోయిన వనుకొందము. ద్రవ్యరాశిని వేగముచే గుణించినచో వచ్చునది ద్రవ్యవేగము. అది ఒకదానికి తూర్పుగా 20, రెండవదానికి పడమరగా 20, మొత్తము సున్న. అందుచేతనే అవి నిలిచిపోయినవి. శక్తికిని దిక్కున్నచో అదియు ముందే సున్న కావలెను. కాని ముద్దలు చితికినవి, వేడెక్కినవి. సున్ననుండి వేడి యెట్లు పుట్టును? అట్లయినచో ఎదురెదురుగా వచ్చు రైళ్లు ఢీకొన్నను ఎవ్వరికిని దెబ్బ తగులరాదు! నిజమేమన, ఒక్కొక్క ముద్దకు 20 జౌళ్ల గతిశక్తి కలదు; రెండును కలిసి 40. అదియే వేడిమిగా మారినది.

డెకార్తు చలనపరిమాణమును లెక్కించునపుడు దిక్కును విడిచెను. దిక్కును గూడ గణింపవలెనని 1669లో హైగెన్సు చూపెను. వేగమును గాక వేగవర్గమును గ్రహింపవలెనని 1686లో లైబ్నిజ్ వాదించెను. 1722లో హాలండు పండితుడు గ్రావెసాండె ఇత్తడి గుండ్లను మెత్తని మట్టిపై పడవేసి చూచెను. వేగము రెండింతలైనచో గుంట నాలుగింత లయ్యెను. వర్గము చేసినపుడు దిక్కు తొలగిపోవును: తూర్పు 3 అయినను, పడమర 3 అయినను వర్గము 9 మాత్రమే. అయినను ఇరుపక్షముల వారును గెలిచిరనియే నా అభిప్రాయము. ఏలయన ద్రవ్యవేగము, శక్తి అనునవి రెండు వేర్వేరు రాశులు, రెండును ఆవశ్యకములే.

ఇక నొక సందేహము. సూర్యుని శక్తి మనవైపునకు వచ్చుచున్నది గదా, దానికి దిక్కు లేదా? దిక్కుగలది ప్రవాహము. కాలువ పల్లమునకు పారును. కడవలోని నీటికి తూర్పు పడమరలు లేవు. విద్యుదయస్కాంత శక్తి ఏ దిక్కున, ఎంత వడిగా ప్రవహించునో తెలుపు సదిశరాశిని 1884లో పాయింటింగు నిర్ణయించెను. నా మాటలను మీకడకు తెచ్చు రేడియో తరంగమునకును ఆ సూత్రమే వర్తించును.

1905లో ఐన్‌స్టీన్ ప్రకటించిన సాపేక్షతా సిద్ధాంతమునకు 1908లో మింకోవ్‌స్కీ దేశకాలముల నేకము చేసి కొత్త రూపము నిచ్చెను. అందు శక్తియు, ద్రవ్యవేగపు మూడు అంశములును కలిసి నాలుగంశముల సదిశరాశి యగును. శక్తి అందులో నొక అంశమే గాని తానే సదిశరాశి కాదు. దిక్కులను త్రిప్పి చూచినను శక్తి మారదు. చూచువాని వేగము మారినచో మారును. రైలులో కూర్చున్నవానికి తన పెట్టె కదలదు, దానికి గతిశక్తి లేదు. గట్టున నిలిచినవానికి అదే పెట్టెయందు గతిశక్తి అపారము.

కావున శక్తిని గూర్చి ‘ఎంత’ యని అడుగుడు, ‘ఎవరి లెక్కకు’ అని అడుగుడు. ‘ఎటు’ అను ప్రశ్నను దాని ప్రవాహమునకు విడువుడు.