పాట వస్తే సీటు వస్తుందా?

ఇంటర్మీడియట్ ఫలితాలు వచ్చిన మరునాటి నుంచే మా కంబదూరులో రెండు ప్రశ్నలు బయలుదేరుతాయి. “కాలేజీలో తెలిసిన సారు ఎవరన్నా ఉండారా?” అనేది ఒకటి. “మావాడు బాగా పాడతాడు, దానికేమన్నా సీటిస్తారా?” అనేది రెండోది.

రెండేండ్ల కిందట మా నాయన కూడా ఈ రెండు ప్రశ్నలతో, ఒక సంచి శెనక్కాయలతో నన్ను వెంటబెట్టుకొని అనంతపురం బస్సెక్కినాడు. గుడి భజనలో నేను హార్మోనియం వాయిస్తానని ఆయనకు గొప్ప. ఎవరినో పట్టుకొని ఒక లెక్చరర్ గారి ఇల్లు చేరుకున్నాం. ఆయన సంచి ముట్టలేదు. “సీటు నా చేతిలో లేదు పెద్దాయనా” అని, రిజిస్ట్రేషన్ ఆఖరు తేదీ, వెబ్ ఆప్షన్ల తేదీలు, కావలసిన సర్టిఫికెట్లు ఒక కాగితం మీద రాసిచ్చినారు. “మరి వీని పాట సంగతి?” అంటే నవ్వి, “చేరినాక పాడించుకుంటాం లే” అన్నారు.

ఆయన చెప్పింది అక్షరాలా నిజం. మన రాష్ట్రంలో డిగ్రీ సీట్ల కేటాయింపు 2020 నుంచి ఆన్‌లైన్‌లో జరుగుతున్నది. ఇంటర్ మార్కులు, రిజర్వేషను, మనం పెట్టుకున్న ఆప్షన్ల వరుస, వీటిని బట్టే సీటు. ఇంజనీరింగుకు ఈఏపీసెట్ ర్యాంకు, వైద్యానికి నీట్ ర్యాంకు ముఖ్యం. ఇంజనీరింగులో ఆటలకూ ఎన్.సి.సి.కీ ప్రత్యేక సీట్లున్నాయి కానీ పాటకు లేవు. ఇక సీటు కోసం క్యాపిటేషన్ ఫీజు పుచ్చుకోవడాన్ని 1983లోనే చట్టం నిషేధించింది.

అయితే పాట ఎక్కడా అక్కరకు రాదా? వస్తుంది. 1919లో వెలసిన విజయనగరం సంగీత కళాశాలలో విద్యార్థిగా చేరబోయిన ద్వారం వెంకటస్వామి నాయుడు గారి వాయులీనం విని, ఆయనను ఆచార్యునిగానే నియమించారని చెబుతారు. ఢిల్లీ విశ్వవిద్యాలయంలో సంగీతం వంటి కళలకు ప్రత్యేక సీట్లున్నాయి. మద్రాసు ఐఐటీ 2025-26 నుంచి ఒక్కొక్క బీటెక్ కోర్సులో లలితకళల ప్రతిభకు రెండేసి సీట్లు కేటాయించింది. కానీ అక్కడా జేఈఈ అడ్వాన్స్‌డ్ ర్యాంకు ఉండి తీరాలి. అంటే పాట చదువుకు తోడే కానీ బదులు కాదు.

నాకంటే బాగా వాయించే మిత్రుడొకడు మా వీధిలోనే ఉన్నాడు. “అంతా నేను చూసుకుంటా, మీరేం చేయొద్దండి” అన్న ఒక మధ్యవర్తి మాట నమ్మి వాడు ఆప్షన్లే పెట్టలేదు. బోరు వేయించడానికి దాచిన డబ్బు పోయింది, ఒక ఏడాదీ పోయింది.

మరి అధ్యాపకుల పరిచయం వ్యర్థమా? కానేకాదు. సంగీతం కోసం చేతిలో డబ్బులేకుండా విజయనగరం చేరిన ఘంటసాలను పట్రాయని సీతారామశాస్త్రి గారు చేరదీసి విద్య నేర్పినారు. గురువు చేయగల సాయం అది. సీటు ఇప్పించడం కాదు, దారి చూపించడం.

పల్లెల్లో ఆ దారి చెప్పేవారు లేకనే సిఫారసుల వేట సాగుతున్నది. మా లెక్చరర్ గారి కాగితం నా ట్రంకుపెట్టెలో ఇంకా ఉంది. నిరుడు కొత్త తేదీలతో అటువంటిదే రాసి మా ఊరి రచ్చకట్ట దగ్గర అంటించినాను. మిత్రులారా, ఈసారి సెలవులకు వెళ్ళేటప్పుడు మీరూ మీ ఊరికి అటువంటి కాగితం ఒకటి తీసుకుపోండి.