మొదటి జత... ‘ఓ సైజు పెద్దది’ వద్దు!

వేసవి సెలవులొస్తే చాలు... రాజమండ్రి, కాకినాడల్లో పిల్లల పేచీ మొదలు. ‘నాన్నా, స్కేట్స్ కొనిపెట్టవూ!’ అని. వచ్చే ఏడాదికీ పనికొస్తాయని స్కూలు బూట్లలాగే ఓ సైజు పెద్దవి కొనేస్తారు పెద్దవాళ్లు. చిక్కంతా అక్కడే! వదులు బూటులో మడమ పైకి లేస్తుంది, చీలమండ పక్కకి వాలుతుంది. నాలుగుసార్లు పడ్డాక పిల్లాడికి భయం పట్టుకుంటుంది. స్కేట్స్ అటకెక్కుతాయి.

2010 గ్వాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో హైదరాబాద్ కుర్రాడు అనూప్‌కుమార్ యామా రెండు కాంస్యాలు గెలిచింది ఈ చక్రాలమీదే. అంతదూరం వెళ్లాలన్నా, వీధి చివరిదాకా వెళ్లాలన్నా మొదటి జత కుదరాలి.

పాదాలు కాస్త ఉబ్బి ఉండే సాయంత్రం వేళ కొలత తీసుకోండి. సాక్సు వేసి, లేసులు బిగించి నిలబడితే వేళ్లు ముందు భాగానికి తగిలీ తగలనట్టుండాలి. మోకాళ్లు వంచితే కొంచెం వెనక్కి జరగాలి. మడమ మాత్రం కదలకూడదు. ఎదిగే పిల్లలకైతే పొడవు పెంచుకునే అడ్జస్టబుల్ రకం మేలు.

ముందు రెండు, వెనక రెండు చక్రాలుంటే క్వాడ్స్... వీటిమీద నిలబడటం తేలిక. ఒకే వరసలో ఉంటే ఇన్‌లైన్... వేగం ఎక్కువ. నున్నటి రింకుకి గట్టి చక్రాలు, గరుకు నేలకి మెత్తనివి నప్పుతాయి. వానలో తడిస్తే బేరింగులు తుప్పు పడతాయి. వెంటనే తుడిచి ఆరబెట్టాలి.

అన్నట్టు, హెల్మెట్‌కీ మోకాలు, మోచేయి, మణికట్టు ప్యాడ్లకీ డబ్బు ముందే పక్కన పెట్టండి. మిగిలినదాంతోనే స్కేట్స్!