ఉమ్మడి నీరు: నల్లా గొట్టమునందును, చెరువు కాలువయందును

ఉమ్మడి నీటిని గూర్చి ఇరుగుపొరుగువారికి గలుగు తగవులు పల్లెయందును పట్టణమందును ఒకే తీరున పుట్టుచున్నవి. తూమునకు దగ్గరనున్న పట్టాదారు తన మడిని అంచులవరకు నింపుకొనగా కొసనున్నవాని నాటు ఎండును. హైదరాబాదు పాతబస్తీలో నల్లా గొట్టమునకు మోటారు తగిలించినవారి తొట్టి నిండగా, వీధి చివరివారి బిందె ఖాళీగా నుండును. అధికముగా వాడుకొనువాడు తాను సర్కారు నీటిని తీసికొంటినని తలంచును. నిజమునకు వాడు తీసికొన్నది పొరుగువాని వంతు. పట్టణపు గొట్టములో ఈ సంగతి లెక్కకు సులభముగా దొరకును గనుక ముందు దానిని వివరించి, పిమ్మట ఆయకట్టు రైతులు గ్రహింపవలసినది చెప్పబడుచున్నది.

పాతబస్తీ నీటి వసతి

21 కమానుల కట్టగల మీర్ ఆలం చెరువు పూర్వము నగరమునకు త్రాగునీరొసగెను. 1908 సెప్టెంబరు 28వ తేదీన మూసీ వరద నగరమును ముంచిన పిదప, వరదను నిలుపుటకును నీటిని సమకూర్చుటకును ఉస్మాన్ సాగర్ 1920లోను, హిమాయత్ సాగర్ 1927లోను నిర్మింపబడెను. జనసంఖ్య పెరిగినకొలది మంజీరా, కృష్ణా, గోదావరి జలములను గూడ దూరమునుండి తేవలసివచ్చెను. ఇన్ని ఆధారములున్నను వీధి గొట్టములో నీరు నిర్ణీత వేళయందే, అనేక పేటలలో దినము విడిచి దినము వచ్చును.

మోటారు చేయు పని

20 ఇండ్లుగల వీధికి నిమిషమునకు 200 లీటర్ల నీరు వచ్చుచున్నదనుకొనవలెను. సమముగా పంచిన ఇంటికి 10 లీటర్లు, గంటకు 600 లీటర్లు దక్కును. అందు 5 ఇండ్లవారు మోటార్లు పెట్టి నిమిషమునకు 30 లీటర్ల చొప్పున లాగినచో 150 లీటర్లు వారికే పోవును. మిగిలిన 15 ఇండ్లకు 50 లీటర్లే శేషించును. మోటారుగల ఇంటికి గంటకు 1,800 లీటర్లు, లేని ఇంటికి 200 లీటర్లు! అదియు సగటు లెక్కయే. మిట్టనున్న ఇంటికి చుక్కయు రాదు. అంతట ఆ ఇంటివారును మోటారు కొందురు. అందరును మోటార్లు పెట్టినను గొట్టములోని నీరు ఒక్క లీటరైనను పెరుగదు. కరెంటు ఖర్చును, పగయు మాత్రము పెరుగును.

ఇంతకన్న గొప్ప కీడు వేఱొకటి గలదు. మోటారు బలముగా లాగునప్పుడు గొట్టములోని ఒత్తిడి తగ్గి, పగుళ్లగుండ వెలుపలి మురుగు లోనికి ప్రవేశింపగలదు. ఆ నీరు మోటారు పెట్టినవాని ఇంటికిని చేరును. ఏ కారణముచేతనైనను త్రాగునీరు చెడినచో ఎంత ప్రమాదమో 2009 మే నెలలో నగరమందలి భోలక్‌పూర్‌లో కలుషిత జలమువలన సంభవించిన మరణములే తెలుపుచున్నవి. ఇట్టి మోటార్లను జప్తుచేసి 5,000 రూపాయల జరిమానా విధించుటకు నగర జలమండలి 2025 ఏప్రిలులో పూనుకొనెను. నీటిని మొదట నేలతొట్టిలోనికి తనంత తానుగా చేరనిచ్చి, అచ్చటినుండి మిద్దెమీదికి మోటారుతో ఎక్కించుకొనుటవలన ఎవరికిని బాధలేదు.

ఆయకట్టు రైతులు గ్రహింపవలసినది

చెరువు కాలువయు ఇట్టి గొట్టమే. ఒక ఎకరమున ఒక అంగుళము నీరు నిలుపుటకు ఇంచుమించు 1,02,800 లీటర్లు కావలెను. వరిమడిలో రెండంగుళముల నీరు చాలియుండగా ఆరంగుళములు నిలుపు రైతు, ఎకరమునకు నాలుగు లక్షల లీటర్లకు పైగా అదనముగా తీసికొనుచున్నాడు. దానివలన వాని పంట హెచ్చదు. కొసవాని పంట మాత్రము పోవును. అందువలన ఈ క్రింది నియమములు పాటింపదగినవి.

1. తూమును నీరటికాడు తప్ప వేఱెవరును తెరువరాదు. రాత్రివేళ గండి కొట్టరాదు.

2. చెరువు నిండని ఏట తాబీ పంటకు ముందే తైబందీ నిర్ణయించి, సాగు చేయదగిన ఎకరములను అందరి యెదుట వ్రాసికొనవలెను. నాట్లు పడిన పిదప నిర్ణయించుట తగవునకు మూలము.

3. వంతులు గడియారము ననుసరించి యుండవలెను. నీరు తక్కువగానున్నప్పుడు కొసభూములకు మొదటి వంతు నిచ్చుట మేలు.

4. కాలువలో నేరుగా మోటారు దింపరాదు. వంతు వచ్చినప్పుడు పారిన నీటితోనే తృప్తిపడవలెను.

5. నాటు కుదురుకొన్న పిదప మడిలో నీరింకిన తరువాతనే తిరిగి పెట్టవలెను. పూతదశలో మాత్రము మడి ఆరనీయరాదు.

తగవు వచ్చినప్పుడు ఎవరు బలవంతులని గాక, ఎవరి వంతు ఎంత, ఎవరు ఎంత వాడిరి అని విచారింపవలెను. కొలతయు వంతును వ్రాతలో నున్నచో పెద్దమనుష్యులకు తీర్పు సులభమగును. కొసనున్న మడి తడిసినదా లేదా అనునదే ఆ చెరువు పంపకమునకు సరియైన పరీక్ష.