మీకు తెలుసా? గేర్ సైకిల్లో దాగిన పది అడుగుల చక్రం

కోనసీమలో కొండ లేదు, గుట్ట లేదు. అమలాపురం నుంచి రాజోలు దాకా, కొత్తపేట నుంచి ముక్తేశ్వరం దాకా నేల అరచేయిలా పరుచుకుని ఉంటుంది. "మరి ఇక్కడ గేర్ సైకిల్ ఎందుకండీ?" అని అడిగేవాళ్ళు ఎక్కువే. ఆ ప్రశ్న వెంటపడి వెళ్తే ఎన్ని వింతలు దొరికాయో! ఏరుకొచ్చినవన్నీ ఇక్కడ కుప్ప పోశాను. వరసా క్రమమూ లేదు, ఎక్కడ మొదలుపెట్టినా ఫరవాలేదు.

• కొబ్బరికాయల బస్తాలు మోసే పాత నల్ల సైకిల్ చక్రం, టూర్ డి ఫ్రాన్స్‌లో పరుగెత్తే రేసు సైకిల్ చక్రం కంటే పెద్దది! టైరు కూర్చునే చోట రిమ్ము అడ్డకొలత పాతదానికి 635 మిల్లీమీటర్లు, రేసుదానికి 622. అయినా రేసు సైకిలే ముందు పోతుంది, ఎందుకంటే గుట్టంతా పళ్ళలో ఉంది.

• ఆ రేసు సైకిల్లో కంటికి కనిపించని పది అడుగుల చక్రం ఒకటి దాగి ఉంది! 1870లలో చైను లేని సైకిళ్ళుండేవి. పెడళ్ళు ముందు చక్రానికే బిగించి ఉండేవి కాబట్టి వేగం కావాలంటే చక్రమే పెద్దది చేయాలి. ఈ రోజుకీ కొందరు గేరును "ఇది ఎన్ని అంగుళాల చక్రంతో సమానం?" అనే లెక్కలోనే చెబుతారు. ముందు 44 పళ్ళు, వెనక 18 పళ్ళు ఉన్న మామూలు సైకిల్ 68 అంగుళాల చక్రంతో సమానం. అంటే అయిదడుగుల ఎనిమిది అంగుళాలు, ఒక మనిషి ఎత్తు! ముందు 50, వెనక 11 పళ్ళ మీద చైను పడితే ఆ చక్రం ఏకంగా పది అడుగులవుతుంది. మీ ఇంటి తలుపు ఏడడుగులైతే, దానికి మరో మూడడుగులు పైన!

• నమ్మకం కుదరలేదా? పిల్లలూ, సుద్దముక్క తెండి! సైకిల్‌ని స్టాండు మీద నిలబెట్టి, వెనక టైరు మీద ఒక గీత గీసి, పెడల్‌ని సరిగ్గా ఒక్క చుట్టు తిప్పి, గీత ఎన్నిసార్లు పైకొచ్చిందో లెక్కపెట్టండి. 44, 18 పళ్ళ సైకిలైతే రెండున్నర చుట్లకు కాస్త తక్కువ. అదే 50, 11 అయితే నాలుగున్నర చుట్లు దాటిపోతుంది!

• ఒక కిలోమీటరు పోవడానికి పెడల్ ఎన్నిసార్లు తొక్కాలో చెప్పుకోండి చూద్దాం. మామూలు సైకిల్‌కి దాదాపు 183 చుట్లు. 50, 11 గేరులో 105 చాలు. ముందూ వెనకా 34 చొప్పున ఉన్న తేలిక గేరులో అయితే 475!

• అయితే తేలిక గేరులో శ్రమ తగ్గుతుందా? అస్సలు తగ్గదు! కొబ్బరిచెట్టు ఎక్కేవాళ్ళని చూడండి: పెద్ద పెద్ద అంగలు వేసినా, చిన్న చిన్న పట్లు పట్టినా చేరే మొవ్వ ఒకటే, ఎక్కే ఎత్తు ఒకటే. గేరు కూడా పనిని చిన్న ముక్కలు చేసి మన మోకాళ్ళకి అందిస్తుంది, అంతే.

• కోనసీమకి కొండ లేదన్నాను కదా, ఆ మాట సగమే నిజం. ఇక్కడి కొండ గాలి! వేగం రెట్టింపైతే గాలి మనల్ని వెనక్కి నెట్టే బలం నాలుగు రెట్లవుతుంది, దాన్ని తోసుకుని పోవడానికి కాళ్ళు పెట్టాల్సిన సత్తువ ఎనిమిది రెట్లవుతుంది. కొబ్బరితోటల మధ్య రోడ్డు మీద హాయిగా పోతున్నవాడు చించినాడ వంతెన ఎక్కగానే, వశిష్ఠ మీదుగా ఎదురుగాలి కొడితే, రెండు గేర్లు దించక తప్పదు. కళ్ళకి కనపడని ఎత్తు అది.

• డబ్బా మీద "21 గేర్లు" అని రాసి ఉంటే అన్నీ వేరు వేరు గేర్లే అనుకుంటున్నారా? ముందు 42, 34, 24 పళ్ళు, వెనక 14 నుంచి 28 దాకా ఉండే సైకిళ్ళు బజార్లో చాలానే ఉంటాయి. ముందు 42, వెనక 28 వేస్తే పెడల్ ఒక్క చుట్టుకి చక్రం ఒకటిన్నర చుట్లు. ముందు 24, వెనక 16 వేసినా ఒకటిన్నర చుట్లే! ఖరీదైన రేసు సైకిళ్ళలోనూ ఇదే తమాషా: 50కి 25, 34కి 17, రెండూ కచ్చితంగా రెండేసి చుట్లు. అందుకే కొనేటప్పుడు గేర్ల సంఖ్య అడగకండి, పళ్ళ సంఖ్య అడగండి. మన పల్లపు రోడ్లకి వెనక 11 నుంచి 28 దాకా ఉంటే బ్రహ్మాండం. సెలవుల్లో మారేడుమిల్లి ఘాట్ ఎక్కాలని సరదా ఉంటే మాత్రం వెనక 34 ఉన్నది తీసుకోండి.

• 1937 దాకా టూర్ డి ఫ్రాన్స్‌లో గేర్లు మార్చే యంత్రం నిషేధం! అంతవరకూ వెనక చక్రానికి ఇటొక పళ్ళచక్రం, అటొక పళ్ళచక్రం ఉండేవి. కొండ రాగానే దిగి, చక్రం ఊడదీసి, తిప్పి బిగించుకుని మళ్ళీ ఎక్కేవారు.

• ఆ నిషేధానికి కారకుడు పోటీ పెట్టిన హెన్రీ దెగ్రాంజ్. గేర్లు నలభై అయిదేళ్ళు దాటినవాళ్ళకే తగినవని ఆయన గట్టి నమ్మకం. ఆయన ఆ మాట అన్న 1902లోనే ఫ్రాన్స్ కొండల్లో ఒక పోటీ జరిగింది. ఒంటి గేరు మీద ఒక మగ చాంపియన్, మూడు గేర్ల సైకిల్ మీద మార్త్ ఎస్ అనే మహిళ. ఎవరు గెలిచారంటారు? ఆవిడే! దారి పొడుగునా కాలు కింద పెట్టలేదని పత్రికలు రాశాయి.

• చేతివేళ్ళు గడ్డకట్టడం వల్ల ఒక కంపెనీ పుట్టింది! 1927 నవంబరు 11న ఇటలీలో తుల్లియో కంపాన్యోలో అనే పోటీదారు మంచు కొండ మీద గడ్డకట్టిన వేళ్ళతో చక్రం విప్పబోతే, బిగుసుకుపోయిన నట్టు ఊడలేదట. కంపెనీ చెప్పుకునే కథ ఇది. లీవర్ ఒక్కసారి తిప్పితే చక్రం ఊడే ఏర్పాటు ఆయన ఆలోచనేనట. 1933లో విచెంజాలో పెట్టిన ఆ కంపెనీ నేటికీ గేర్లు చేస్తోంది.

• చేపల గాలం రీళ్ళూ, సైకిల్ గేర్లూ ఒకే కంపెనీవి! జపాన్‌లో సకాయి అనే ఊరు కత్తులకీ కమ్మరి పనికీ పేరుపడ్డది. 1921లో అక్కడ మొదలైన షిమానో మొట్టమొదట తయారు చేసింది ఫ్రీవీలు. ఆయ్, మన సైకిల్‌ని తోసుకుంటూ నడిస్తే టకటకలాడుతుందే, ఆ ఫ్రీవీలే!

• మూడో పెద్ద కంపెనీ స్రామ్. 1987లో అమెరికాలో షికాగోలో పుట్టింది. స్కాట్, రే, సామ్ అనే ముగ్గురి పేర్లలోంచి అక్షరాలు ఏరి అతికించిన పేరు అది.

• ఈ మూడింటిలో ఏది కొనాలి? ముందు మీ వేళ్ళని అడగండి! షిమానోలో బ్రేక్ లీవరే పక్కకి కూడా వాలుతుంది. కుడిచేత్తో దాన్ని లోపలికి తోస్తే తేలిక గేరు, వెనకున్న చిన్న లీవర్ తోస్తే బరువు గేరు. కంపాన్యోలోలో బ్రేక్ లీవర్ పక్కకి కదలదు. వెనక లీవరు వేలితో తేలికకి, లోపలి బొత్తాం బొటనవేలితో బరువుకి. స్రామ్‌లో అయితే ఒకే ఒక్క లీవర్! కొంచెం తోస్తే బరువు, ఇంకాస్త లోపలికి తోస్తే తేలిక. నా మట్టుకు నాకు కంపాన్యోలో పద్ధతే ముచ్చటేస్తుంది, ఒక్కో వేలికి ఒక్కో పని కాబట్టి తికమక ఉండదు. కానీ మన ఊళ్ళో రిపేరుకి సామాను దొరకాలంటే షిమానోయే తేలిక.

• వీటిలో ఒకరి లీవర్‌నీ ఇంకొకరి యంత్రాన్నీ కలిపితే గేర్లు సాధారణంగా కుదరవు. ఒక్కో "టక్"కి తీగని ఎంత లాగాలో ఒక్కో కంపెనీకి ఒక్కో లెక్క.

• ఇంతకీ గేరు మారడానికి తీగ ఎంత కదులుతుంది? ఎనిమిది గేర్ల షిమానోలో మూడు మిల్లీమీటర్లు కూడా కాదు, సగం బియ్యపు గింజంత! అమలాపురంలో ఒక సైకిల్ షాపు ముందు గంటసేపు నిలబడి చూశాను. మేస్త్రి సైకిల్‌ని సీటు కింద తాడు వేసి వేలాడదీశాడు. ఒక చేత్తో పెడల్ తిప్పుతూ, రెండో చేత్తో తీగ చివరనున్న చిన్న మరని సగం చుట్టు తిప్పాడు. కరకరమంటున్న చైను కరకర తగ్గించింది. ఇంకో పావు చుట్టు. చప్పుడు ఆగిపోయింది! ఆయన కళ్ళు చూడటం లేదు, చెవులే చూస్తున్నాయి.

• తీగే లేని గేర్లు కూడా ఉన్నాయి! షిమానో తన కరెంటు గేర్లని 2009లో తెచ్చింది, స్రామ్ 2015లో వైర్లు కూడా తీసేసింది. స్రామ్‌లో కుడి బొత్తాం నొక్కితే బరువు, ఎడమది నొక్కితే తేలిక, రెండూ కలిపి నొక్కితే ముందు పళ్ళచక్రం మారుతుంది. ఆ లీవర్లో ఉండేది కారు రిమోట్‌లో వేసే బిళ్ళ బ్యాటరీయే.

• మీరు కాలితో వంద పాళ్ళ శక్తి ఇస్తే చైను అందులో 98.6 పాళ్ళదాకా వెనక చక్రానికి చేర్చగలదు! 1999లో అమెరికాలో జాన్స్ హాప్కిన్స్ యూనివర్సిటీలో కొలిచి చూశారు. చిన్న పళ్ళచక్రం కంటే పెద్దదాని మీద చైను తక్కువ వంగుతుంది కాబట్టి నష్టం ఇంకా తక్కువట.

• చైను అరిగిందో లేదో చెప్పే పరికరం మీ పిల్లల స్కూలు సంచీలోనే ఉంది! చైను లింకులు ప్రపంచమంతటా అరంగుళం చొప్పునే ఉంటాయి కాబట్టి 24 లింకులు సరిగ్గా ఒక అడుగు. స్కేలు సున్నా ఒక పిన్ను నడిమికి పెట్టి చూడండి. 24వ లింకు చివరి పిన్ను 12 అంగుళాల గీత మీద ఉంటే చైను కొత్తదే. గీతని అంగుళంలో 16వ వంతు దాటితే చైను మార్చాలి. ఎనిమిదో వంతు దాటితే పళ్ళచక్రాలు కూడా పోయినట్టే!

• అంతర్వేది, ఓడలరేవు వైపు ఉప్పుగాలికి చైను తొందరగా తుప్పు పడుతుంది. గేర్లన్నీ చక్రం ఇరుసులోనే దాచేసే హబ్బు అలాంటి చోట మేలు. ఇంగ్లండులో నాటింగ్‌హాంలో 1902 నుంచి 2000 దాకా మూడు గేర్ల హబ్బులు చేసేవారు. లోపల సూర్యుడి చుట్టూ గ్రహాలు తిరిగినట్టు చిన్న పళ్ళచక్రాలు నడిమి చక్రం చుట్టూ తిరుగుతాయి. జర్మనీవాళ్ళ రోలాఫ్ హబ్బులో ఒక్క డబ్బాలో 14 గేర్లు!

• సైకిల్ మీద గంటకి 296 కిలోమీటర్లు! 2018లో అమెరికా ఉప్పుమైదానంలో డెనిస్ మ్యూలర్ కొరెనెక్ అనే మహిళ, ముందు గాలిని చీల్చే రేసు కారు వెనకాల తొక్కి ఈ వేగం అందుకుంది. ఆమె గేరు ఎంత పెద్దదంటే, మొదట కారుతో లాగితే గానీ సైకిల్ కదలదు.

• హైదరాబాదులో ఔటర్ రింగ్ రోడ్డు పక్కన సైకిల్ బాట మీద సౌరఫలకాల కప్పు ఉంది! 2023లో 23 కిలోమీటర్ల పొడవున తెరిచారు. ఎండ తగలకుండా నీడలో తొక్కుకోవచ్చు, పైన కరెంటు పండుతుంది.

• పారిస్ నుంచి బ్రెస్ట్ దాకా వెళ్ళి మళ్ళీ పారిస్‌కి రావాలి, దాదాపు 1200 కిలోమీటర్లు, 90 గంటల్లో! 1891లో మొదలైన ఈ ప్రయాణానికి వెళ్ళాలంటే ముందు 200, 300, 400, 600 కిలోమీటర్లు గడువులోపల తొక్కి చూపించాలి. హైదరాబాదులోనూ అలాంటి తొక్కుళ్ళు జరుగుతాయి.

• గేరు మార్చే యంత్రాన్ని డిరేలర్ అంటారు. ఫ్రెంచి మాట అది, అర్థం "పట్టాలు తప్పించేది". నిజంగా అదే చేస్తుంది. చైనుని ఒక పళ్ళచక్రం మీద నుంచి తప్పించి పక్కదాని మీదకి తోస్తుంది.

• చివరిగా ఒక చిక్కు ప్రశ్న. సఖినేటిపల్లి రేవులో పంటు ఎక్కారు. నరసాపురం ఒడ్డు వచ్చింది, ఎదురుగా నిటారు ర్యాంపు. ఇప్పుడు తేలిక గేరులోకి మార్చగలరా? లీవర్ నొక్కినా చైను కదలదు! డిరేలర్ గేరు చైను తిరుగుతున్నప్పుడే మారుతుంది, కరెంటు గేరైనా అంతే. ఇరుసులో దాగిన హబ్బు గేరు మాత్రం నిలబడి ఉన్నా మారుతుంది. మరి డిరేలర్ వాళ్ళ సంగతేంటి? పంటు ఒడ్డుకి ఆనకముందే సీటు పట్టుకుని వెనక చక్రాన్ని కాస్త పైకి లేపండి, లీవర్ నొక్కండి, చేత్తో పెడల్ రెండు చుట్లు తిప్పండి. టక్, టక్, టక్! పక్కన గేదెల్ని పట్టుకుని నిలబడ్డాయన "ఏం చేస్తున్నావయ్యా?" అని అడిగేలోపే మీరు ర్యాంపు మీద ఉంటారు.