సామూహిక సైకిల్ యాత్రలు – ఆరోగ్య ప్రణాళిక

సైకిలు తొక్కడం చక్కని వ్యాయామమని అందరికీ తెలిసినదే. ఐక్యరాజ్యసమితి సాధారణ సభ 2018లో జూన్ 3వ తేదీని ప్రపంచ సైకిల్ దినోత్సవంగా ప్రకటించిన తరువాత, పట్టణాలలో వందలాది మంది కలసి సైకిళ్ళపై బయలుదేరే యాత్రలకు ఆదరణ పెరిగింది. అయితే ఇటువంటి యాత్రలలో తరచుగా ఒక లోపం కనిపిస్తుంది. జెండా ఊపే వేదిక, బనియన్లు, టోపీలు, ఛాయాచిత్రాలు మొదలైన వాటికి నెల రోజుల ముందే ఏర్పాట్లు జరుగుతాయి. అలసిన మనిషి, అతని సైకిలు ఇంటికి తిరిగి చేరడం ఎలాగన్న ప్రశ్న మాత్రం గమ్యం చేరిన తరువాతే గుర్తుకు వస్తుంది. వెళ్ళేటప్పటి ఉత్సాహం వచ్చేటప్పటికి అవస్థగా మారడానికి ఇదే మూలకారణం.

తెనాలి, రేపల్లె, బాపట్ల పట్టణాల మధ్య కృష్ణా డెల్టా భూమి దాదాపు సమతలంగా ఉంటుంది. ఎత్తుపల్లాలు లేని ఈ ప్రాంతం సైకిలు ప్రయాణానికి మిక్కిలి అనుకూలం. కాలువలు, పచ్చని పొలాలు, చివర సముద్రతీరం మనస్సుకు ఆహ్లాదం కలిగిస్తాయి. ఈ మూడు ఊళ్ళను కలుపుతూ సామూహిక యాత్ర తలపెట్టేవారు ఆరోగ్య దృష్టితో ఎటువంటి ప్రణాళిక వేసుకోవాలో ఈ వ్యాసంలో పరిశీలిద్దాం.

అర్ధశక్తి నియమం

వ్యాయామం ఎంత చేయాలన్న ప్రశ్నకు మన ప్రాచీనులు స్పష్టమైన సమాధానమే ఇచ్చారు. బలవంతుడు, స్నిగ్ధాహారం తీసుకునేవాడు శీతకాలంలోనూ, వసంతంలోనూ తన శక్తిలో సగం మేరకు మాత్రమే వ్యాయామం చేయాలనీ, తక్కిన కాలాలలో అంతకన్న తగ్గించుకోవాలనీ వాగ్భటుడు అష్టాంగహృదయం దినచర్యాధ్యాయంలో చెప్పాడు. సగం శక్తి ఖర్చయినదని తెలిసేదెలా? ముక్కుతో తీసుకునే శ్వాస చాలక నోటితో గాలి పీల్చవలసి రావడమే దానికి గుర్తని సుశ్రుతుడు సూచించాడు. మితి మీరిన వ్యాయామం వల్ల దప్పిక, ఆయాసం, క్షీణత, దగ్గు, జ్వరం, వాంతి కలుగుతాయని కూడా గ్రంథాలు హెచ్చరిస్తున్నాయి.

ఒంటరిగా తొక్కేవాడు అలసట కలిగితే ఆగిపోతాడు. గుంపులో ఉన్నవాడు అట్లా ఆగడు. పక్కవారు ముందుకు పోతుంటే తానూ పోవాలనుకుంటాడు. అందుచేత సామూహిక యాత్రలో అర్ధశక్తి నియమాన్ని వ్యక్తి వివేకానికి వదలివేయరాదు. దారిని, ఆగే చోట్లను నిర్ణయించేవారే దానిని ప్రణాళికలో ఇమిడ్చాలి. ఎవరికి ఎక్కడ శక్తి సగం తగ్గినా, అక్కడి నుంచి సుఖంగా ఇంటికి చేరే మార్గం ఉండాలి. తక్కిన ఏర్పాట్లన్నీ దీని తరువాతివే.

ఏ ఋతువు అనుకూలం?

ప్రపంచ సైకిల్ దినోత్సవం మన పంచాంగం ప్రకారం రోహిణి కార్తెలో వస్తుంది. ఎండలు తీవ్రంగా ఉండే రోజులవి. సూర్యుడు ప్రాణుల బలాన్ని హరించే ఈ కాలాన్ని ఆయుర్వేదం ఆదానకాలమన్నది. అందులోనూ గ్రీష్మంలో శరీరబలం అతి తక్కువ. దీనికి తోడు తీరప్రాంతంలో గాలిలో తేమ అధికం. చెమట ఆరినప్పుడే ఒళ్ళు చల్లబడుతుంది. తేమగాలిలో చెమట ఆరక కారిపోతుంది గనుక శరీరతాపం తగ్గదు. కాబట్టి ఆ దినోత్సవాన్ని మన ప్రాంతంలో ఊరిలోనే నాలుగైదు కిలోమీటర్లు తొక్కి జరుపుకోవడం మంచిది. దూరయాత్రకు ఆ రోజు తగదు.

అక్టోబరు నుంచి డిసెంబరు వరకు తుఫానుల భయం ఉన్నది. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుఫాను బాపట్ల సమీపంలోనే తీరం దాటింది. కోతల రోజులలో వరి మోసే ట్రాక్టర్లు, రోడ్డు వారగా ఆరబోసిన ధాన్యం దారిని ఇరుకు చేస్తాయి. ఆరుగాలం శ్రమించిన రైతు ధాన్యంపై చక్రాలు నడపడం మనకూ తగినది కాదు. ఇవన్నీ విచారిస్తే జనవరి చివరి వారం నుంచి ఫిబ్రవరి నెలాఖరు వరకు గల కాలం శ్రేష్ఠం. అప్పుడు పొగమంచు పట్టే రోజులుంటాయి గనుక చీకటితో బయలుదేరక, వెలుగు బాగా వచ్చిన తరువాత ఆరున్నర ప్రాంతంలో ప్రారంభించాలి. పొద్దెక్కిన కొద్దీ సముద్రం వైపు నుంచి గాలి వీస్తుంది. తీరం దిశగా తొక్కేవారికి అది ఎదురుగాలి. పది గంటలకల్లా గమ్యం చేరేటట్లు చూసుకుంటే ఎండ, ఎదురుగాలి రెండూ తప్పుతాయి.

మూడు ఊళ్ళు, రెండు దారులు

పటంలో చూస్తే తెనాలి, రేపల్లె, బాపట్ల ఒక త్రిభుజంలా కనిపిస్తాయి. మూడు భుజాలూ చుట్టి రావాలన్న కోరిక సహజం. అయితే మొత్తం 120 కిలోమీటర్ల వరకు ఉండే ఆ చుట్టు, అలవాటు లేనివారికి అర్ధశక్తిని ఎంతగానో మించినది. పైగా రేపల్లె నుంచి చెరుకుపల్లి, కర్లపాలెం మీదుగా బాపట్లకు పోయే దారి 216వ నెంబరు జాతీయ రహదారి. లారీల రాకపోకలు ఉండే ఈ మార్గం పక్కన రైలు కూడా లేదు. మధ్యలో అలసినవారికి ఆసరా దొరకదు. కుటుంబాలతో కూడిన యాత్రకు ఈ మూడవ భుజాన్ని విడిచిపెట్టడమే వివేకం.

తెనాలి నుంచి రేపల్లెకు సుమారు 35 కిలోమీటర్లు. వేమూరు, భట్టిప్రోలు మీదుగా సాగే ఈ దారికి తోడుగా రైలుమార్గం ఉన్నది. ఆ రెండు ఊళ్ళలోనూ స్టేషన్లున్నాయి. భట్టిప్రోలులోని ప్రాచీన బౌద్ధస్తూపం విశ్రాంతికీ, విజ్ఞానానికీ పనికివచ్చే మజిలీ. కొత్తవారు వేమూరు వద్ద, అలవాటున్నవారు భట్టిప్రోలు వద్ద ఆగి, సాధన చేసినవారు మాత్రమే రేపల్లె దాకా పోవచ్చు. ముగ్గురూ యాత్ర పూర్తి చేసినట్లే లెక్కించాలి. మధ్యలో ఆగినవారిని ఓడినవారిగా చూడరాదు.

తెనాలి నుంచి బాపట్ల దారి దాదాపు 45 కిలోమీటర్లు. ఇక్కడ కూడా చుండూరు, నిడుబ్రోలు స్టేషన్లు దారిలో ఆసరాగా ఉన్నాయి. కాని పొన్నూరు నుంచి బాపట్ల వరకు గుంటూరు–చీరాల ప్రధాన రహదారిపై బస్సుల రద్దీ ఉంటుంది. బాపట్ల నుంచి సూర్యలంక తీరం మరి తొమ్మిది కిలోమీటర్లు. రేపల్లె యాత్ర సుఖంగా పూర్తి చేసినవారు మరుసటి సంవత్సరం దీనిని తలపెట్టవచ్చు. అలసిన కాళ్ళతో, చెమట ఆరకముందే సముద్రంలో దిగడం ప్రాణాపాయకరమని నిర్వాహకులు ముందే చెప్పాలి. కండరాలు పట్టుకున్నవాడు చిన్న అలకు కూడా నిలువలేడు.

పిల్లలు, వృద్ధులు, అజీర్ణరోగులు వ్యాయామం మానాలని వాగ్భటుని అభిప్రాయం. నేటి వైద్యులు వారికి తేలిక వ్యాయామాన్ని అనుమతిస్తున్నారు. ఈ రెండు అభిప్రాయాలను సమన్వయం చేసి, వారికి తెనాలి కాలువగట్ల వెంబడి ఐదారు కిలోమీటర్ల చిన్న యాత్ర ఏర్పాటు చేస్తే ఇంటిల్లిపాదీ పాల్గొన్న తృప్తి కలుగుతుంది. గుండెజబ్బు, అధిక రక్తపోటు, మధుమేహం ఉన్నవారు వైద్యుని సలహా లేకుండా పాల్గొనరాదు.

తిరుగు ప్రయాణం

తేదీ నిశ్చయించేటప్పుడే రైళ్ళ వేళల పట్టికను ముందు పెట్టుకోవాలి. వేమూరు, భట్టిప్రోలు స్టేషన్లలో ఏ బండి ఎన్ని గంటలకు ఆగుతుందో ఆ రోజు వేళలను బట్టి తెలుసుకుని, దానికి అరగంట ముందుగా అక్కడికి చేరేటట్లు యాత్ర వేగాన్ని నిర్ణయించాలి. కొత్తవారు విశ్రాంతులతో కలిపి గంటకు పన్నెండు కిలోమీటర్లు సాగుతారని లెక్క వేసుకోవచ్చు.

సైకిలును ప్రయాణికుల పెట్టెలోకి ఎక్కించరాదు. సామానుగా బుక్ చేసి బ్రేక్ వ్యానులో పంపడం రైల్వే పద్ధతి. అన్ని బళ్ళకూ ఆ సదుపాయం ఉండదు. మధ్య స్టేషన్లలో బండి నిమిషమో, రెండు నిమిషాలో ఆగుతుంది గనుక వందల సైకిళ్ళు ఎక్కించడం అసాధ్యం. కాబట్టి మనుషులకు రైలు, సైకిళ్ళకు లారీ అన్న పద్ధతి ఉత్తమం. ప్రతి మజిలీలోనూ ఒక చిన్న లారీని సిద్ధంగా ఉంచి, సైకిలుకూ, యజమానికీ ఒకే నెంబరు గల చీటీలు ఇవ్వాలి. సైకిళ్ళ మధ్య పాత గోనెపట్టాలు పెట్టి తాళ్ళతో కడితే గీతలు పడవు. ఎక్కించేవారిలో సైకిలు మరమ్మతు తెలిసిన ఒకరు ఉండాలి.

2022 ఏప్రిల్ 4న బాపట్ల జిల్లా ఏర్పడిన తరువాత రేపల్లె, బాపట్ల ఆ జిల్లాలోకి వచ్చాయి. తెనాలి గుంటూరు జిల్లాలోనే ఉన్నది. దారి జిల్లా సరిహద్దు దాటుతుంది గనుక రెండు జిల్లాల పోలీసుల అనుమతి ముందుగా పొందాలి. ఇరవై మందికి ఒక జట్టు చొప్పున కొద్ది నిమిషాల వ్యవధితో పంపితే రైల్వే గేట్ల వద్ద గుంపు చేరదు. ప్రతి జట్టుకూ ముందు ఒకరు, వెనుక ఒకరు అనుభవజ్ఞులు ఉండాలి. వెనుకవాని కన్న వెనుక ఎవరూ మిగలరాదు.

నీరు, ఆహారం

ముందురాత్రి తేలికగా భుజించి త్వరగా నిద్రించాలి. ప్రాతఃకాలంలో నువ్వులనూనె పిక్కలకు, తొడలకు, నడుముకు మర్దించుకుని గోరువెచ్చని నీటితో స్నానం చేస్తే బిగువు తగ్గుతుంది. బయలుదేరడానికి గంట ముందు రెండు ఇడ్లీలు, ఒక అరటిపండు చాలు. నిండు కడుపుతో తొక్కరాదు.

మనిషికి గంటకు సుమారు అరలీటరు పానీయం అవసరం. 300 మంది నాలుగు గంటల యాత్రకు 600 లీటర్లు, అనగా 20 లీటర్ల క్యానులు 30 కావాలి. అన్నిటినీ గమ్యంలో పెట్టక మజిలీల వారీగా పంచాలి. అయితే నీరు ఎంత తాగితే అంత మంచిదన్న అభిప్రాయం సరికాదు. 2002లో బోస్టన్ మారథాన్‌లో 488 మంది పరుగువారి రక్తాన్ని పరీక్షించగా, నూటికి 13 మందిలో సోడియం తగ్గినట్లు తేలింది. అతిగా ద్రవాలు తాగడమే దీనికి ముఖ్యకారణమని ఆ పరిశోధకులు 2005లో వెల్లడించారు. దప్పిక మేరకు కొద్దికొద్దిగా తాగడమే క్షేమం.

ఉప్పు, శొంఠిపొడి, కరివేపాకు కలిపిన పలుచని మజ్జిగ మన ఇళ్ళలోని ఉత్తమ పానీయం. కాచి చల్లార్చిన నీటితోనే మజ్జిగ చేయాలి. బజారు ఐసుగడ్డ వేయరాదు. బెల్లం, మిరియాలు, యాలకులు వేసిన పానకం తక్షణ శక్తినిస్తుంది. కొబ్బరినీటిలో పొటాషియం ఎక్కువ, సోడియం తక్కువ గనుక దానితోపాటు ఉప్పు మజ్జిగ కూడా తీసుకోవాలి. బాగా నీరసించినవారికి లీటరు శుభ్రమైన నీటిలో ఆరు సమ టీ చెంచాల పంచదార, అర టీ చెంచా ఉప్పు కలిపిన ద్రావణం కొద్దికొద్దిగా ఇవ్వాలి. మధుమేహులు, రక్తపోటు, మూత్రపిండ వ్యాధులు ఉన్నవారు ఉప్పు, బెల్లం విషయంలో తమ వైద్యుని మాటే పాటించాలి.

వేగధారణ – మరచిపోయే అంశం

మలమూత్రాది వేగాలను నిరోధించడం అనేక రోగాలకు కారణమని ఆయుర్వేదం ఘోషిస్తున్నది. దారిలో మరుగుదొడ్లు లేవని తెలిస్తే స్త్రీలు ఇంటి నుంచే నీరు తాగడం మానివేస్తారు. మూత్రంలో మంట, తలనొప్పి, కళ్ళు తిరగడం దాని ఫలితాలు. ప్రతి మజిలీలోనూ ఒక పాఠశాల యాజమాన్యం అనుమతి పొంది, నీటి వసతి గల మరుగుదొడ్లను స్త్రీలకు ప్రత్యేకంగా కేటాయించాలి. నీటి క్యానుల కన్న ముందు జరగవలసిన ఏర్పాటు ఇది.

ప్రమాద సూచనలు

ఛాతీలో నొప్పి లేదా బరువు, ఎడమచేతికి పాకే నొప్పి, మాట తడబడడం, దిక్కు తెలియకపోవడం, ఒళ్ళు కాలిపోతూ స్పృహ తప్పడం కనిపిస్తే గృహచికిత్సలతో కాలయాపన చేయరాదు. వెంటనే 108కి ఫోను చేయాలి. వడదెబ్బ తగిలినవారిని నీడకు చేర్చి, దుస్తులు వదులుచేసి, ఒళ్ళంతా నీళ్ళు పోస్తూ విసరాలి. స్పృహ లేనివారి నోటిలో ఏ పానీయమూ పోయరాదు. పిక్క పట్టినవారు దిగి, కాలు చాపి, పాదాన్ని తమ వైపు నెమ్మదిగా వంచుకుంటే ఉపశమనం కలుగుతుంది.

దక్షిణాఫ్రికాలోని కేప్‌టౌన్ నగరంలో 1978 నుంచి జరుగుతున్న మహా సైకిల్ యాత్రను 2017 మార్చిలో పెనుగాలుల కారణంగా, కొందరు బయలుదేరిన తరువాత కూడా రద్దు చేశారు. వేలమంది నిరాశ చెందినా ఆ నిర్ణయం సరైనదే. మన నిర్వాహకులు కూడా మంచు దట్టంగా ఉన్నా, వాన సూచన ఉన్నా వాయిదా వేసే ధైర్యం కలిగి ఉండాలి. జెండా ఊపడానికి పెద్దలు వచ్చి ఉన్నారన్న మొగమాటం పనికిరాదు.

బయలుదేరినవారి సంఖ్య పత్రికలకు ఉపయోగపడుతుంది. నిర్వాహకులు చూసుకోవలసినది సాయంత్రం దీపాలు పెట్టే వేళకు, పట్టికలోని ప్రతి పేరుకు ఎదురుగా ‘ఇల్లు చేరారు’ అన్న గుర్తు పడినదా అన్న విషయం. ఆ గుర్తు చివరి పేరు దాకా పడినప్పుడే యాత్ర ముగిసినట్లు.